చేప కలిపింది, కుర్చీ విడదీసింది

ఇరుగుపొరుగు చిన్న దేశాల ఐక్యత గురించి మాట్లాడేవారు సాధారణంగా సోదరభావంతో మొదలుపెట్టి ఉమ్మడి సంస్కృతి దగ్గర ముగిస్తారు. ఆ మాటల మీద నాకు నమ్మకం లేదు. పసిఫిక్ ద్వీప దేశాల అనుభవాన్ని చూస్తే, కలిసి అమ్ముకోవలసిన సరుకు ఉన్నచోట అవి గట్టిగా నిలబడ్డాయి, పంచుకోవడానికి వీల్లేని పదవి ఉన్నచోట చెదిరిపోయాయి.

కిరిబాటి భూభాగం మొత్తం కలిపినా 811 చదరపు కిలోమీటర్లే, కానీ తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా దానికి హక్కున్న సముద్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆ నీటిలో తిరిగే ట్యూనాయే దాని ఆస్తి. అయితే ట్యూనా ఒకచోట ఉండే చేప కాదు కనుక దాని మీద తీర దేశానికి హక్కు లేదని అమెరికా చాలాకాలం వాదించింది. 1984లో సోలమన్ దీవులు తమ జలాల్లో అనుమతి లేకుండా వేటాడుతున్న జానెట్ డయానా అనే అమెరికా నౌకను పట్టుకుంటే, అమెరికా ఆ దేశపు చేపల దిగుమతినే నిషేధించింది. ఒంటరి చిన్న దేశానికి దక్కే మర్యాద అది. అదే అమెరికా 1987లో ద్వీప దేశాలన్నిటితో కలిపి ఒకే ఒప్పందం మీద సంతకం చేసింది.

నాకు అంతకంటే గొప్పగా అనిపించేది తమ జలాల్లో ట్యూనా వేటను కలిసి నియంత్రించుకోవడానికి ద్వీప దేశాలు కుదుర్చుకున్న 1982 నాటి నౌరు ఒప్పందం. పలౌ, మైక్రోనేషియా, మార్షల్ దీవులు, కిరిబాటి, నౌరు, పాపువా న్యూ గినీ, సోలమన్ దీవులు, తువాలు ఇప్పుడు అందులో ఉన్నాయి. వీరు పెద్ద వలల నౌకలకు చేపను కాక తమ జలాల్లో వేటాడే రోజును అమ్ముతారు. ఏడాదికి ఇన్ని రోజులని ముందే నిర్ణయించి, 2015 నుంచి రోజుకు కనీస ధర 8,000 డాలర్లుగా పెట్టారు. పొడవు 80 మీటర్లు దాటిన నౌక ఒక రోజు వేటాడితే ఒకటిన్నర రోజుగా లెక్క. పసిఫిక్ నీరు వేడెక్కే ఎల్ నినో వచ్చి చేప తూర్పుకు, అంటే కిరిబాటి వైపుకు, మళ్లిన ఏడాది పడమటి దేశాలు తమ రోజులను ఇతర సభ్యులకు అమ్ముకోవచ్చు. ఒకరు ధర తగ్గిస్తే అందరూ మునుగుతారని తెలుసు కాబట్టే ఈ కట్టుబాటు నిలిచింది. అందులో సోదరభావం ఎంత ఉందో నాకు తెలియదు, లెక్క మాత్రం ఉంది.

ఇక కుర్చీ సంగతి. 2021 ఫిబ్రవరిలో, ఆ ప్రాంత దేశాల ఉమ్మడి వేదిక అయిన పసిఫిక్ ద్వీప దేశాల ఫోరం ప్రధాన కార్యదర్శి పదవికి కుక్ దీవుల మాజీ ప్రధాని హెన్రీ పూనా తొమ్మిది ఓట్లతో, ఒకే ఒక్క ఓటు తేడాతో గెలిచారు. ఈసారి పదవి తమకే రావాలన్న పెద్దమనుషుల ఒప్పందాన్ని తుంగలో తొక్కారంటూ మైక్రోనేషియా ప్రాంతానికి చెందిన అయిదు దేశాలు (పలౌ, మైక్రోనేషియా, మార్షల్ దీవులు, కిరిబాటి, నౌరు) ఫోరం నుంచి తప్పుకుంటామని ప్రకటించాయి. 2022లో ఫిజీ రాజధాని సువాలో రాజీ కుదిరినా కిరిబాటి బయటికి వెళ్లి, మరుసటి ఏడాదిగానీ తిరిగి రాలేదు. విచిత్రమేమిటంటే, అలిగిన ఆ అయిదూ నౌరు ఒప్పందపు సభ్యులే. ఫోరంలో ముఖాలు చూసుకోవడానికి ఇష్టపడని కాలంలోనూ రోజుల అమ్మకం మాత్రం ఆగలేదు.

సముద్రమట్టం పెరిగినా తమ జలాల హద్దులు కుదించుకుపోవని ఫోరం అదే 2021లో ప్రకటించింది. మంచి పనే, కానీ గీత కదలకపోయినా చేప కదులుతుంది. నీరు వేడెక్కేకొద్దీ ట్యూనా తూర్పుకు, కొంతమేరకు ఎవరికీ చెందని సముద్రంలోకి, జరుగుతుందని శాస్త్రవేత్తల అంచనా. ఎల్ నినో ఏడాది రెండేళ్లలో సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు. పడమటి దేశాల చేతిలో రోజులు మిగిలి చేప కరువైతే వాటికి వాటా ఎలా ఇవ్వాలో ఆ ఎనిమిది దేశాలూ ఇప్పుడే, అందరి నీళ్లలోనూ చేప ఉండగానే, కాగితం మీద పెట్టుకోవాలి. వల ఖాళీ అయ్యాక కూర్చునే బేరంలో ఎవరూ ఎవరికీ ఏమీ వదులుకోరు.