ఆట ఉంది, బండి లేదు

పండగొస్తే మనవైపు ఆర్టీసీ స్పెషల్ బస్సులు వేస్తుంది, రైల్వే స్పెషల్ రైళ్ళు వేస్తుంది. అవీ చాలక జనం కార్లేసుకుని బయల్దేరి, సంక్రాంతి సగం పంతంగి టోల్‌గేటు దగ్గరే చేసుకుంటారు. ఇంగ్లండులో పండగ మనుషులకే కాదు, రైళ్ళకి కూడా. డిసెంబరు 25న అక్కడ ఒక్క రైలు కదలదు. మర్నాడు బాక్సింగ్ డే. ఆ రోజు ఎక్కడో ఒకటీ అరా తప్ప మిగతావన్నీ షెడ్డులోనే ఉంటాయి. ఖాళీ దొరికింది కదా అని పట్టాల మరమ్మతులు కూడా అప్పుడే పెట్టుకుంటారు.

సరిగ్గా ఆ రోజే ఫుట్‌బాల్ పెట్టుకోవడం వాళ్ళకి ఆనవాయితీ. 1860 డిసెంబరు 26న షెఫీల్డ్, హాలమ్ క్లబ్బులు ఆడుకున్నాయి. రెండూ ఒకే ఊరి పరిసరాలవి కాబట్టి నడిచి వెళ్ళినా సరిపోయేది. తర్వాత చాలా ఏళ్ళు క్రిస్మస్ నాడు కూడా లీగ్ మ్యాచ్‌లు జరిగాయి. 1965లో బ్లాక్‌పూల్, బ్లాక్‌బర్న్ ఆడిన దానితో అది ఆగింది. ఆటలు మర్నాటికి జరిగి బాక్సింగ్ డే మీద స్థిరపడ్డాయి. రైళ్ళు మాత్రం ఆ రోజు కూడా మాకు సెలవే అన్నాయి.

2025లో ప్రీమియర్ లీగ్ (అక్కడి ఫుట్‌బాల్‌లో పై మెట్టు పోటీ) వాళ్ళు బాక్సింగ్ డేకి ఒక్కటే మ్యాచ్ పెట్టారు. యూరప్ పోటీలు పెరిగి క్యాలెండరు ఇరుకైపోయిందన్నారు, సరే. ఆ ఒక్కటీ ఎక్కడ? మాంచెస్టర్ యునైటెడ్ ఇంట్లో. వచ్చేదెవరు? న్యూకాసిల్. ఎన్నింటికి? రాత్రి ఎనిమిదింటికి. మధ్య దూరం రమారమి 230 కిలోమీటర్లు. టీవీ ముందు సోఫాలో కూర్చున్నవాడికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఉండదు.

మా బావ ఉండేది న్యూకాసిల్‌లో. ఆయన ఉద్యోగానికని ఆ ఊళ్ళో దిగిన కొద్దివారాలకే, 2025 మార్చిలో, ఆ జట్టు లివర్‌పూల్‌ని ఓడించి లీగ్ కప్పు ఎత్తింది. దేశంలో పెద్ద కప్పు ముట్టుకోవడం వాళ్ళకి 1955 తర్వాత మళ్ళీ అప్పుడే. ముసలాళ్ళు రోడ్ల మీద ఏడుస్తుంటే, బావ అది తన కాలి మహిమేనని తేల్చేశాడు. "నేను అడుగుపెట్టాకే కదరా గెలిచింది!" అప్పట్నుంచీ తను వెళ్ళకపోతే జట్టుకి అరిష్టమని ఆయన నమ్మకం.

డిసెంబరులో ఆఫీసులో ఒకాయన రెండు టికెట్లు తెచ్చి బావ చేతిలో పెట్టాడు. ఒక్కోటి ముప్పై పౌండ్లు. బయటి ఊరి నుంచి వచ్చే అభిమానుల దగ్గర అంతకుమించి తీసుకోకూడదని లీగ్ రూలు. న్యూకాసిల్ జట్టు నలుపు తెలుపు చారల చొక్కా తప్ప వేరే బట్ట ఎరగని మనిషి ఈ టికెట్లు ఎందుకు వదులుకుంటున్నట్టు? నాకు అక్కడే అనుమానం వచ్చింది. బావకి రాలేదు.

రైలు టికెట్ల యాప్ తెరిచి 26 నొక్కితే 27 చూపిస్తోంది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ 27. బావది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, బగ్ కనబడితే ప్రాణం లేచొస్తుంది. స్క్రీన్‌షాట్లు తీసి, ఏ ఫోను, ఏ వెర్షను అన్నీ రాసి ఫిర్యాదు పంపాడు. ఆ రోజు రైళ్ళు లేవనీ, పండగ శుభాకాంక్షలనీ జవాబొచ్చింది.

అభిమానులకి వేసిన బస్సులు ఎప్పుడో నిండిపోయాయి. టాక్సీ అడిగితే వెళ్ళడానికే మూడు వందల ఎనభై పౌండ్లన్నాడు. "రానుపోనూ కలిపా?" అనడిగితే నవ్వాడట.

చివరికి ఊళ్ళో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: "26న మాంచెస్టర్ ఎవరైనా వెళ్తున్నారా?" జవాబులు జోరుగా వచ్చాయి. ఎవరి దగ్గరా కారు లేదు, అందరి దగ్గరా సామాను ఉంది. "మీరు వెళ్తే మా తమ్ముడికి ఆవకాయ సీసా ఇవ్వగలరా అన్నా?", "మా ఫ్రెండ్‌ది ప్రెషర్ కుక్కర్ మూత ఉండిపోయింది, కాస్త..." సాయంత్రానికి బావ మీద అరడజను పార్సెళ్ళు పడ్డాయి, బండి మాత్రం పడలేదు.

రాత్రి ఒక గుంటూరు అబ్బాయి ఫోన్ చేశాడు. టికెట్ చౌకగా వచ్చిందని వాళ్ళ అత్తమామలు మాంచెస్టర్‌లో దిగుతున్నారట, అదీ ఆ రాత్రే. "నేను ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నానన్నా, వస్తారా?" బావ ఆవకాయ సీసా ఒక్కటీ ఒప్పుకుని, కుక్కర్ మూతకి దణ్ణం పెట్టేశాడు. వెళ్ళేటప్పుడు కారులో ఆ అబ్బాయి, బావ, నేను, ముగ్గురమే. కాళ్ళు బారజాపుకుని పులిహోర తింటూ వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో కారు నిండా ఎవరుంటారో, ఏముంటుందో ఎవరమూ లెక్క వేయలేదు.

మ్యాచ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మొదటి సగంలోనే యునైటెడ్ కుర్రాడు డోర్గు ఒక గోలు కొట్టాడు, అదే చివరిదాకా మిగిలింది. రెండో సగమంతా మనవాళ్ళు వాళ్ళ గోలు చుట్టూ ప్రదక్షిణలు చేశారు గానీ బంతి లోపలికి పోలేదు. బావ తన కాళ్ళవైపు చూసుకుని, "చలికి మహిమ గడ్డకట్టింది" అన్నాడు.

ఆవకాయ తీసుకోవాల్సిన అబ్బాయి రానేలేదు. ఆ రాత్రి వాళ్ళ వైపు బస్సు లేదట.

కారు దగ్గరికి వెళ్ళేసరికి అత్తగారూ మామగారూ వెనక సీట్లో సర్దుకుని ఉన్నారు. వెంట నాలుగు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. వెనక డిక్కీలో రెండు పట్టాయి. మూడోది ముందు సీట్లో బావ ఒళ్ళోకి, నాలుగోది వెనక మూల నా ఒళ్ళోకి చేరాయి. నా పెట్టెకి నైలాన్ తాడు నాలుగు వరసలు చుట్టి, మీద నల్ల మార్కరుతో పేరూ ఊరూ రాసి ఉంది. దాని ముడి సరిగ్గా నా గడ్డం కిందికొచ్చింది. జిప్పులోంచి ఇంగువ వాసన. మా దారి ఎం62 హైవే మీదుగా. అది ఇంగ్లండు మోటార్‌వేలన్నిట్లోకీ ఎత్తైనది, కొండ మీద 372 మీటర్ల దాకా ఎక్కుతుంది. ఎక్కుతున్నంతసేపూ పెట్టె నా గుండెల మీదకి, దిగుతున్నంతసేపూ ముందు సీటు మీదకి.

"ఇంత చలిలో ఏం పని మీద వచ్చారు బాబూ?" అడిగారు పెద్దావిడ.

"ఫుట్‌బాల్ చూడ్డానికండీ."

"గెలిచారా?"

"లేదండీ. ఒకటి సున్నా."

"ఒక్కటేనా?" అని ఆవిడ కాసేపు మా ఇద్దరినీ జాలిగా చూసి, హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చెరో అరిసె తీసిచ్చారు. అందుకుందామంటే చేతులు పెట్టె కింద ఇరుక్కుపోయాయి. ఆవిడే నోట్లో పెట్టారు. ఆవకాయ సీసా కనబడితే మూత తీసి వాసన చూసి, "ఆవపిండి ఎక్కువైంది" అని తీర్పు చెప్పి మళ్ళీ బిగించారు.

దారిలో పెట్రోలు కోసం ఆగినప్పుడు కాళ్ళు తిమ్మిరెక్కి ముగ్గురం కిందికి దిగాం. బావ అప్పటికే ఫోన్లో రాబోయే మ్యాచ్‌లు చూస్తున్నాడు.

"తమ్ముడూ, మీ అత్తమామల తిరుగు విమానం ఎప్పుడు?"

"జూన్ ఆఖరన్నా. అదీ మాంచెస్టర్ నుంచే."

"అప్పటికి సీజన్ అయిపోతుంది కదయ్యా. ఫిబ్రవరిలో మళ్ళీ ఇదే ఊళ్ళో మాంచెస్టర్ సిటీ జట్టుతో ఆట ఉంది."

"అప్పుడు రైళ్ళుంటాయి బావా," అన్నాను.

"నేనింక వాళ్ళని నమ్మను. తమ్ముడూ, ఆ టికెట్ కాస్త ఫిబ్రవరికి మార్చుకోమనకూడదూ?"

గుంటూరు అబ్బాయి పంపు పట్టుకునే కారు వైపు ఓసారి చూశాడు. అద్దాలు మూసే ఉన్నాయి. అయినా గొంతు తగ్గించాడు.

"అల్లుణ్ణి, నేనంటే బాగోదు. నువ్వే అడుగన్నా."