బలం ఒక్కటే చూస్తే అల్నికో విలువ తెలియదు

2025 ఏప్రిల్‌లో చైనా ఏడు రేర్ ఎర్త్ మూలకాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే మన వాహన కంపెనీలకు అయస్కాంతాల కరువు మొదలైంది. అదే ఏడాది నవంబరులో కేంద్రం రేర్ ఎర్త్ అయస్కాంతాల తయారీకి 7,280 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. మంచి పనే. కానీ ఈ చర్చంతా బలమైన అయస్కాంతాల్లో వాడే రేర్ ఎర్త్ లోహం నియోడిమియం ఎక్కడ దొరుకుతుందన్న దగ్గరే తిరుగుతోంది. ఏ పనికి ఏ అయస్కాంతం కావాలన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించడం లేదు.

మా హైస్కూలు ల్యాబ్‌లో ఎర్ర రంగు పూసిన యూ ఆకారపు అల్నికో అయస్కాంతం ఉండేది. అల్నికో అంటే రేర్ ఎర్త్ లేని ఒక మిశ్రమలోహం. దాని రెండు కొసలనూ కలుపుతూ వేలెడంత ఇనుప ముక్క అంటుకుని ఉండేది. ప్రయోగం అయ్యాక ఆ ముక్క మళ్లీ పెట్టకపోతే సైన్సు మాస్టారు ఊరుకునేవారు కాదు. ఒకసారి అది ఎక్కడో పోయింది. మేం పదో తరగతికి వచ్చేసరికి, గుప్పెడు గుండుసూదులు ఎత్తిన ఆ అయస్కాంతం నాలుగైదింటికే చతికిలపడింది. ఎందుకో నాకు ఇంజినీరింగ్ చదివేటప్పుడు గానీ తెలియలేదు.

1931లో జపాన్‌కు చెందిన తొకుషిచి మిషిమా ఇనుము, నికెల్, అల్యూమినియం కలిపిన మిశ్రమం గట్టి అయస్కాంతంగా పనిచేస్తుందని కనుగొన్నారు. దానికి కోబాల్ట్ తోడై అల్నికో అయింది. బాగా వాడుకలో ఉన్న అల్నికో-5లో కోబాల్ట్ దాదాపు 24 శాతం, నికెల్ 14, అల్యూమినియం 8, రాగి 3, మిగతాది ఇనుము. దీని అయస్కాంత క్షేత్రం దాదాపు 1.25 టెస్లాలు (క్షేత్ర బలానికి కొలమానం), అంటే నియోడిమియం అయస్కాంతానికి ఏమాత్రం తీసిపోదు. తేడా వచ్చేది నిలబెట్టుకోవడంలో. ఎదురు క్షేత్రాన్ని తట్టుకునే శక్తి అల్నికో-5కు మీటరుకు సుమారు 50 కిలో ఆంపియర్లే, నియోడిమియంకు 800 పైనే. అందుకే ఒకే పరిమాణంలో ఎంత శక్తి ఇస్తుందన్న లెక్కలో అల్నికో 5.5 మెగాగాస్-ఆయిర్‌స్టెడ్ (ఆ శక్తికి కొలమానం) దగ్గర ఆగితే, నియోడిమియం 40 దాటిపోతుంది.

ఆ బలహీనతను అర్థం చేసుకున్నవాడే అల్నికోతో డిజైన్ చేయగలడు. దీన్ని పొట్టిగా, బిళ్లలా చేస్తే సొంత క్షేత్రమే ఎదురు తిరిగి దాన్ని నీరసింపజేస్తుంది. మందానికి నాలుగైదు రెట్లు పొడవుండాలి. లేదా యూ ఆకారంలో వంచి, కొసల మధ్య ఇనుప దారి ఇవ్వాలి. మా మాస్టారి ఇనుప ముక్క చేసిన పని అదే. మేకులు, తీగలు మింగే ఆవుల కోసం అమెరికా పాడి రైతులు వాటి పొట్టలోకి దించే అల్నికో అయస్కాంతం సన్నటి పొడవాటి కడ్డీలా ఉండటానికీ కారణం ఇదే. భాగాలన్నీ బిగించాకే అయస్కాంతీకరించాలన్నది మరో నియమం. పాత స్పీకర్‌లోంచి అల్నికో ముక్కను బయటికి లాగి మళ్లీ పెడితే మునుపటి బలం ఉండదు. రిపేరు చేసేవాళ్లు ఇది ఎంతగా గుర్తుపెట్టుకుంటే అంత మంచిది.

ఇక వేడి సంగతి. డిగ్రీకి నియోడిమియం క్షేత్రం దాదాపు 0.11 శాతం తగ్గితే, అల్నికో 0.02 శాతమే తగ్గుతుంది. వంద డిగ్రీలు పెరిగితే 11 శాతం ఎక్కడ, 2 శాతం ఎక్కడ! చక్రం తిరిగే పాత కరెంటు మీటరు గుర్తుందా? ఆ అల్యూమినియం చక్రాన్ని బ్రేకులా పట్టి ఉంచేది అయస్కాంతమే. అది నీరసిస్తే చక్రం వేగం పెరుగుతుంది, బిల్లూ పెరుగుతుంది. రెంటచింతల ఎండలోనూ, డిసెంబరు చలిలోనూ ఒకేలా లెక్క చెప్పాలంటే అల్నికో లాంటి నిలకడ కావాలి. మామూలు రకం నియోడిమియం 80 డిగ్రీలకే తడబడుతుంది. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ తయారు చేయించే మరో రేర్ ఎర్త్ అయస్కాంతం, సమారియం-కోబాల్ట్ రకం, 300 డిగ్రీల దాకా నిలుస్తుంది. 500 డిగ్రీల దగ్గర కూడా పనిచేసేది అల్నికోనే.

విద్యుత్ కారు చక్రాలు తిప్పే మోటారులో రేపే నియోడిమియం తీసేసి అల్నికో పెట్టమని నేను అనడం లేదు. అంత చిన్న చోట అంత శక్తి ఇది ఇవ్వలేదు. కోబాల్ట్ కష్టం కూడా చిన్నది కాదు. 1978లో జైర్‌లోని షాబాలో యుద్ధం రేగి కోబాల్ట్ ధర ఆకాశాన్నంటినప్పుడే స్పీకర్ల కంపెనీలు ఇనుప ఆక్సైడ్‌తో చేసే ఫెర్రైట్ అయస్కాంతాల వైపు మళ్లాయి. అదే దేశం, నేటి కాంగో, 2025 ఫిబ్రవరిలో కోబాల్ట్ ఎగుమతులు నిలిపేసింది. ఒకరి గుప్పిట్లోంచి బయటపడి మరొకరి గుప్పిట్లో పడటం పరిష్కారం కాదు.

అయినా నాకు ఆశ కలిగించే దారి ఒకటుంది. 2000ల మొదట్లో వ్లాడో ఓస్టోవిచ్ అనే ఇంజినీరు 'మెమరీ మోటారు' అనే ఆలోచన ముందుకు తెచ్చారు. అల్నికో తేలిగ్గా లొంగుతుంది కాబట్టే, మోటారు తిరుగుతుండగానే క్షణకాలం కరెంటు పంపి దాని అయస్కాంతత్వాన్ని తగ్గించవచ్చు, మళ్లీ పెంచవచ్చు. తక్కువ వేగంలో బలం నిండుగా ఉంటుంది. వేగం పెరిగాక దాన్ని తగ్గించేసుకుంటే, మామూలు మోటార్లలో క్షేత్రాన్ని అణచడానికి ఎడతెగకుండా ఖర్చయ్యే కరెంటు మిగులుతుంది. కేంద్రం పథకమేమో రేర్ ఎర్త్ అయస్కాంతాలకే పరిమితం. ఆ 7,280 కోట్లకు తోడుగా ఇలాంటి మోటార్ల పరిశోధనకు విడిగా కొంత కేటాయించాలి. మన ఇంజినీరింగ్ కాలేజీల మెషీన్స్ ల్యాబుల్లో పిల్లలు ఒక అల్నికో కడ్డీని తమ చేతులతో అయస్కాంతీకరించి, బలం పోగొట్టి, మళ్లీ తెప్పించే ప్రయోగం ఒక్కటైనా చేయాలి.