కాఫీ పళ్లెం వేషాన్నీ మొదటి రోజే పిలవండి

"చిన్న వేషమే కదా, ఆఖరి వారం వస్తే సరిపోతుందిలే." నాటక సమాజాల్లో కొత్తగా చేరినవాళ్లకు ఈ మాట చెప్పడం దయచేసి మానెయ్యండి. మంచి నాటికలు కూడా దెబ్బతినేది ఇక్కడే.

కాఫీ పళ్లెం తెచ్చే వేషమే తీసుకోండి. ఉన్నవి రెండు మాటలు. కానీ ఆ మనిషి వింగ్‌లో, అంటే వేదిక పక్క తెర చాటున నిలబడి అవతలివాళ్ల డైలాగు వింటూ, అది పూర్తి కాకముందే అడుగు వెయ్యాలి. పూర్తయ్యాక బయల్దేరితే నడిచొచ్చేదాకా వేదిక మీద అందరూ ఊరికే నిలబడాల్సిందే. గుమ్మం దాటాలి, జనానికి వీపు చూపకుండా గ్లాసులు అందించాలి, మాట్లాడుతున్న నటుడికి అడ్డం రాకూడదు. జనం నవ్వితే ఆ నవ్వు సగం తగ్గేదాకా ఆగి అప్పుడు మాట అందుకోవాలి. ఆఖరి వారం సాయంత్రాల్లో ఇదంతా ఎలా వస్తుంది?

పైగా రిహార్సల్స్‌లో ఖాళీ చేతులతో కానిచ్చేస్తారు. అసలు పళ్లెం చేతికొచ్చేది ప్రదర్శన రోజున. స్టీలు పళ్లెం, నాలుగు స్టీలు గ్లాసులు, కొత్త మనిషి చెయ్యి. వణుకు మొదలైతే ఆ గలగల మైకులో డైలాగుని మింగేస్తుంది. రిహార్సల్స్ పదో రోజుకల్లా అదే పళ్లెం చేతికివ్వండి. అడుగున తడిపి పిండిన గుడ్డ పరిస్తే గ్లాసులు జారవు, మోగవు. గ్లాసులో పావువంతు నీళ్లుండాలి. ఖాళీ గ్లాసు ఎత్తితే గుటక పడదు, ముందు వరుసలవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

ముప్పావుగంట నాటికకు 30 రోజులు కావాలి. మొదటి ఐదు రోజులు అందరూ కూర్చుని చదవడమే. తర్వాత కదలికలు. పదిహేనో రోజుకి చేతిలో కాగితం ఉండకూడదు. చివరి ఐదు రోజులు ఎవరు తప్పినా ఆపకుండా మొదటి నుంచి ఆఖరిదాకా. కొత్తవాళ్లు తమ పోర్షన్ కింద గీతలు గీసుకుని అదే బట్టీ పడతారు. అవతలి నటుడు ఒక వాక్యం దాటేశాడా, ఇక వీళ్ల నోట మాట రాదు. ముందు రెండు డైలాగులు, తర్వాత రెండు కూడా వచ్చుండాలి. తెర చాటు నుంచి మాట అందించే ప్రాంప్టర్ ఉన్నాడన్న ధీమా వద్దు. అతని గొంతు నటుడి కంటే ముందు మైకుకి అందుతుంది.

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఇవాళ్టికీ మన ఔత్సాహిక నాటకానికి పెద్ద దిక్కు ఇలాంటి పరిషత్తులు పెట్టే నాటక పోటీలే. అక్కడి వేదికను చాలా సమాజాలు చూసేది పోటీ రోజే. రిహార్సల్ హాల్లో పది అడుగులున్న దూరం అక్కడ పదహారు కావచ్చు. తెర లేవకముందే కొత్త నటుణ్ణి వింగ్ నుంచి బల్లదాకా రెండుసార్లు నడిపించండి. కుర్చీల కాళ్ల దగ్గర సుద్దతో గుర్తులు పెట్టండి. మీసం పెట్టాల్సి వస్తే చర్మం మీద చెమట పూర్తిగా తుడిచి, స్పిరిట్ గమ్ (మేకప్ జిగురు) పలచగా రాసి, జిగురెక్కాకే అద్దండి. తడి మీద అతికిస్తే లైట్ల వేడికి రెండో సీనుకల్లా ఊడొస్తుంది.

ఇంకొక్కటి. కొత్తవాళ్ల చేతిలో వాళ్ల సీనున్న రెండు పేజీలే పెట్టే సమాజాలు ఇంకా ఉన్నాయి. మొత్తం స్క్రిప్టు ఇవ్వండి. జిరాక్సుకి అయ్యేది ఒక పూట టీల ఖర్చు. తానిచ్చే ఆ కాఫీ ఏ ఇంట్లో, ఏ గొడవ మధ్యలో ఇస్తున్నాడో ఆ మనిషికి తెలియాలి కదా.