ట్యాంకులు లెక్కపెట్టారు సరే…

(రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల భారీ ట్యాంకుల గురించి మిత్రరాజ్యాల గూఢచర్యం పాసా, ఫెయిలా? రమణ పాస్ అంటాడు, బామ్మర్ది సూరి ఒప్పుకోడు.)

రమణ: 1942 ఆగస్టులో జర్మనీ నెలకి 1,550 ట్యాంకులు చేస్తోందని మామూలు గూఢచారి రిపోర్టులు చెప్పాయి. ట్యాంకుల మీది సీరియల్ నంబర్లు పట్టుకుని లెక్కకట్టినవాళ్లు 327 అన్నారు. యుద్ధం అయ్యాక జర్మన్ రికార్డులు తీస్తే 342! ఇంకేం కావాలిరా?

సూరి: లెక్క బ్రహ్మాండం బావా, కాదన్నానా? కాకపోతే ఆ నంబర్ల పని మొదలైందే 1943లో. అంటే ఆగస్టు లెక్క వెనక్కి తిరిగి కట్టింది.

రమణ: అయితే జర్మన్ల పాంథర్ ట్యాంకు తీసుకో. దొరికినవి రెండే ట్యాంకులు, మొత్తం 64 చక్రాలు. ఒక్కో చక్రం ఏ అచ్చులో పోశారో చూసి, అసలు ఎన్ని అచ్చులు ఉండొచ్చో లెక్కేసి, ఒక అచ్చు నుంచి ఎన్ని చక్రాలు వస్తాయో బ్రిటన్‌లో చక్రాలు చేసేవాళ్లనే అడిగి, 1944 ఫిబ్రవరి ఒక్క నెలలో 270 పాంథర్లు చేశారని తేల్చారు. అసలు సంఖ్య 276.

సూరి: ఎప్పుడు తేల్చారు? 1944 జూన్‌లో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్ తీరంలోని నార్మండీలో దిగడానికి కాస్త ముందు! అప్పటిదాకా అమెరికన్లు పాంథర్ కూడా టైగర్ అనే భారీ ట్యాంకు లాంటిదే, ప్రత్యేక బెటాలియన్లలో ఎక్కడో ఒకచోట తగులుతుందిలే అనుకున్నారు. తీరా చూస్తే పాంజర్ డివిజన్ (జర్మన్ల మామూలు ట్యాంకు దళం) ట్యాంకుల్లో దాదాపు సగం అవే.

రమణ: బ్రిటిష్ వాళ్లని చూడు మరి. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో 131 నంబరు టైగర్ దొరికింది, గుండు తగిలి టరెట్ (గన్ ఉండే తిరిగే పైభాగం) జామ్ అయితే సిబ్బంది వదిలేసి పారిపోయారు. దాన్ని ఇంగ్లండ్ తీసుకెళ్లి విప్పి కొలిచారు. 57 టన్నులు, ముందు 100 మి.మీ. కవచం. మందమైన కవచాలు వస్తాయని ముందే పసిగట్టారు కాబట్టే వాళ్ల దగ్గర 17 పౌండర్ అనే ట్యాంకుల్ని ఛేదించే గన్ రెడీగా ఉంది, అమెరికన్ షెర్మన్ ట్యాంకులో బిగించేశారు.

సూరి: అదీ నాలుగు ట్యాంకులకి ఒకదాంట్లో! అమెరికన్లకి అదీ లేదు. 76 మి.మీ. గన్ ఉన్న షెర్మన్లు ఇంగ్లండ్‌లోనే ఉన్నా నార్మండీలో దిగిన డి-డే రోజు తీసుకెళ్లలేదు. 1944 జులైలో ఫ్రాన్స్‌లోని ఇసిగ్నీ దగ్గర, పట్టుబడ్డ పాంథర్ని నిలబెట్టి కాల్చి చూశారు. ఏటవాలుగా ఉన్న ముందు పలకని ఆ గన్ కూడా ఛేదించలేకపోయింది. పాంథర్లు రష్యాలో కుర్స్క్ యుద్ధంలో దిగింది 1943 జులైలో, రష్యన్లకి దొరికాయి కూడా. ఏడాది ఏం చేశారు?

రమణ: అది గూఢచారుల తప్పెలా అవుతుంది? రిపోర్టు చదవాల్సింది జనరల్స్.

సూరి: కింద నుంచి, అంటే యుద్ధంలో ఉన్న సైనికుల నుంచి వచ్చే రిపోర్టులు ఎలా ఉన్నాయో తెలుసా? పక్కలకి రేకులు బిగించిన పాంజర్ ఫోర్ అనే మామూలు జర్మన్ ట్యాంకు దూరం నుంచి డబ్బాలా కనిపిస్తే చాలు, టైగర్ అని రాసేవాళ్లు. రష్యాలో అయితే ఏ సెల్ఫ్ ప్రొపెల్డ్ గన్ (బండి మీద బిగించిన ఫిరంగి) ఎదురైనా, అది జర్మన్ల భారీ ఫిరంగి బండి ఫెర్డినాండే! జర్మన్లు చేసినవి సుమారు 90.

రమణ: అందుకే కదరా చక్రాల మీది నంబర్లు చూడమనేది!

సూరి: సరే, ఆ 270 కాగితం మీద చూసినవాడు, ఇన్ని ఎవరికి పంపుతున్నారని ఎందుకు అడగలేదు?

రమణ: అది లెక్కలు కట్టేవాడి పని కాదు.

సూరి: మరెవరి పని? నాకు పేరు కావాలి బావా.

రమణ: ముందు లెక్క కరెక్టని ఒప్పుకో, పేరు తర్వాత వెతుకుదాం.