స్కిప్పర్ గారికి, రెక్కల విషయమై

శ్రీయుత స్కిప్పర్ సీతాకోకచిలుక గారికి నమస్కారాలు. శ్రీమతి అయితే క్షమించండి, గొడవంతా అక్కడే ఉంది.

నిన్న మధ్యాహ్నం మీ వెనకాల గడ్డిలో మోకాళ్ల మీద పాకింది నేనే. 64 ఫొటోలు తీశాను. 64లోనూ తమరు రెక్కలు మూసుకునే ఉన్నారు.

కింది రెక్క అడుగున తెల్ల చుక్కలు వంపుగా ఉన్నాయి, రెక్క మొదలు వైపు ఇంకో చుక్క విడిగా ఉంది. సరే, స్కిప్పర్లలో పెలోపిడాస్ అనే ప్రజాతి అనుకున్నాను, అందులో ఏ జాతో తేలాలి. మీ చుట్టం స్ట్రెయిట్ స్విఫ్ట్ చాలా నయం, చుక్కలన్నీ స్కేలు పెట్టినట్టు వరసగా చూపించి పంపేస్తాడు. మీకు అలా కాదు. ముందు రెక్క పైభాగాన మగవాళ్లకు బూడిదరంగు గీత ఒకటి ఉంటుంది. రెక్క నడిమి గదిలో గాజుముక్కల్లాంటి రెండు చుక్కల్ని కలిపి గీత సాగదీస్తే, అది ఆ బూడిద గీతని కోయాలి. కోస్తే తమరు స్మాల్ బ్రాండెడ్ స్విఫ్ట్ అనే జాతి. రాత్రి పదకొండింటికి స్క్రీన్ మీద స్కేలు పెట్టుకుని కూర్చున్నాను. కొయ్యడానికి గీతేదండీ? అది పైన ఉంది. మీరు చూపించింది అడుగు!

పోనీ రెక్కలు విప్పారే అనుకుందాం. గీత కనబడకపోతే? ఆడవాళ్లకు ఆ గీతే ఉండదు. మీ ఇంకో చుట్టం రైస్ స్విఫ్ట్‌కి మగైనా ఉండదు. అంటే విప్పినా టెన్షనే, మూసినా టెన్షనే.

పొటాంథస్ డార్టులనే మీ మరో చుట్టాల సంగతి ఎత్తను. పసుపు మచ్చలు చూసి మురిసిపోతే, జాతి తేలాలంటే జననాంగాలు మైక్రోస్కోప్ కింద పెట్టాలంటారు. కొక్కెంలా వంగిన మీసాలు మాత్రం అందరికీ ఒకటే, దాంతో ఒరిగేదేం లేదు.

అవతల మిగతా సీతాకోకచిలుకలు కిలోమీటరు దూరం నుంచే పేరు చెప్పుకునేంత రంగులేసుకుని తిరుగుతుంటే, ఈ గోధుమరంగు ముసుగేంటి నీకు? ఒక్క క్షణం విప్పితే ఏం పోయింది? పొద్దున చలికి జెట్ విమానంలా ముందు రెక్కలు పైకెత్తి, వెనక రెక్కలు పరిచి ఎండ కాచుకుంటావు కదా, అప్పుడు లేని సిగ్గు నేనొస్తేనే ఎందుకు?

బ్యాటరీ అయిపోయాక వచ్చి నా బొటనవేలి మీద వాలావు. దారప్పోగంత తొండం చాచి గోరు పక్కన చెమట తాగావు. పది నిమిషాలు. ఊపిరి బిగబట్టి చూశాను, ఆ పెద్ద నల్లకళ్లు, మెడ చుట్టూ ఆ నూగు. రెక్కలు ఒక్కసారి సగం తెరుచుకున్నాయి కూడా. కానీ ఎండ నా కళ్లలో పడుతోంది.

గీత ఉన్నట్టే అనిపించింది.