ముచ్చట అని ఒప్పుకుంటే పోయేదేముంది?

ఈసారి అక్షయ తృతీయకు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పద్దెనిమిది నగల ఫొటోలు వచ్చాయి. కూర్చుని లెక్కపెట్టాను. "నచ్చింది, కొనుక్కున్నాను" అని ఒక్కరూ రాయలేదు. ఒకరిది పెట్టుబడి. ఒకరిది పిల్ల పెళ్లికి ముందుచూపు (ఆ పిల్ల రెండో తరగతి చదువుతోంది). ఇంకొకరు ఇప్పుడు కొనకపోతే ఇక జన్మలో కొనలేమని భయపడి కొన్నారట. నాకు బంగారం మీద కోపం లేదు, ఈ సాకుల మీదే ఉంది.

మాది విశాఖ వైపు. మా చిన్నప్పుడు అక్షయ తృతీయ అంటే సింహాచలం చందనోత్సవమే. ఏడాదంతా గంధం పూతలో ఉండే అప్పన్న ఆ ఒక్కరోజే నిజరూపంతో కనిపిస్తాడు. ఆ రోజు గ్రాము బంగారమైనా కొనకపోతే లక్ష్మీదేవి అలుగుతుందని మా నాయనమ్మ ఎన్నడూ అనలేదు. ఆ మాట నేను మొదట విన్నది టీవీ ప్రకటనలో. ఆషాఢం సంగతీ అంతే. పెళ్లిళ్లు లేక బేరాలు తగ్గే నెల కనుక బట్టల కొట్లవాళ్లు తగ్గింపులు పెట్టారు. ఇప్పుడు మనమే ఆషాఢం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాం. వ్యాపారి తన ఖాళీ నెలతో మన బీరువా నింపాడు. అతణ్ని తప్పుపట్టను, అమ్ముకోవడం అతని పని.

ఇక పెట్టుబడి మాట. పది గ్రాములు లక్ష రూపాయలనుకుందాం. 2025 ఏప్రిల్‌లో ధర ఆ గీతను తాకింది కాబట్టి లెక్కకైనా సులువు. తరుగు పన్నెండు శాతం వేస్తే 12,000. మొత్తం మీద జీఎస్టీ మూడు శాతం, 3,360. బిల్లు 1,15,360. అదే సాయంత్రం అమ్మబోతే తరుగూ రాదు, పన్నూ రాదు. ధర పదిహేను శాతానికి పైగా పెరిగితే గానీ పెట్టిన డబ్బు తిరిగి చేతికి రాదు. రాళ్ల నగ అయితే రాళ్ల బరువు కూడా తీసేస్తారు. ఇది నేను చదివి తెలుసుకున్నది కాదు. నాన్నగారి ఆపరేషన్‌కు డబ్బు కావలసి వచ్చి, "పెట్టుబడి" అని కొన్న నెక్లెసును కొన్న కొట్టుకే తీసుకెళ్లాను. కొనేటప్పుడు కూల్‌డ్రింకు తెచ్చిచ్చిన కుర్రవాడు అమ్మేటప్పుడు మంచినీళ్లయినా అడగలేదు.

నిజంగా పెట్టుబడే కావాలంటే 2015 నవంబరులో ప్రభుత్వం బంగారం బాండ్లు తెచ్చింది. నగ ఉండదు, గడువు తీరాక అప్పటి బంగారం ధర లెక్కన డబ్బు తిరిగొచ్చే పత్రాలవి. తరుగు లేదు, పైగా ఏటా వడ్డీ. 2024 ఫిబ్రవరి తరువాత కొత్తవి ఇవ్వలేదు గానీ, అవి దొరికిన ఎనిమిదేళ్లలో మా గ్రూపులో వాటి పేరెత్తినవారు లేరు. బాండును మెడలో వేసుకుని పెళ్లికి వెళ్లలేం కదా! అసలు సంగతి అదే. ఆ మాట పైకి అంటే ఏం పోయింది?

కూడు, గూడు, గుడ్డ తప్ప మిగిలినదంతా వ్యామోహమని ఉపన్యాసాలిచ్చేవారితోనూ నాకు పేచీ ఉంది. భూమి, బ్యాంకు ఖాతా తన పేరున లేని ఆడమనిషికి మెడలోని గొలుసే ఆస్తి. విత్తనాలకు, ఎరువులకు అది తాకట్టుకు వెళ్తుంది, పంట చేతికొస్తే ఇంటికొస్తుంది. ఆ గొలుసు ముమ్మాటికీ అవసరమే. ఏనాడూ తాకట్టు కొట్టు మెట్లెక్కని మనం ఆమె అవసరాన్ని అరువు తెచ్చుకుని మన కోరికకు తొడుగుతున్నాం. ఫోను విషయంలోనూ ఇదే తంతు. ఓటీపీ కోసం ఫోను తప్పదు, నిజమే. కానీ ఎనభై వేల ఫోనుకు వచ్చే ఓటీపీలోనూ ఆరంకెలే ఉంటాయి.

మనకు ముచ్చట అనే మంచి మాట ఉంది. (తెలంగాణలో దానికి కబుర్లనే అర్థమూ ఉంది, అదీ బాగుంటుంది.) అవసరం కాదని తెలిసీ, ఎవరికో చూపించడానికి కాకుండా, మనసు పడి తీర్చుకునేది ముచ్చట. దానికి సాకు అక్కరలేదు, జేబులో డబ్బుంటే చాలు.

కిందటి నెల అమ్మను బుట్టకమ్మలు కొనడానికి తీసుకెళ్లాను. ఆమెకు డెబ్బై ఒకటి. కొట్టులో అబ్బాయి అలవాటుగా అందుకున్నాడు: "మంచి పెట్టుబడి అమ్మా, రేటు ఇంకా పెరుగుతుంది."

"పెరిగితే పెరగనీ బాబూ, నేను అమ్మేది లేదు. చిన్నప్పటి నుంచీ ముచ్చట. ఆ అద్దం కాస్త ఇటు తిప్పు."