స్టార్ అమ్మాయిలు పెద్ద జట్లకు వెళ్లొద్దు

అమెరికా మహిళల కాలేజీ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. హైస్కూల్‌లో ఎవరైనా అమ్మాయి మెరిసిందంటే చాలు, ఆమె కనెక్టికట్‌కు వెళ్తుందా, సౌత్ కరోలినాకు వెళ్తుందా, అంటే ఏ పెద్ద యూనివర్సిటీ జట్టులో చేరుతుందా అన్న చర్చ మొదలవుతుంది. కాలేజీ మారినవాళ్లు ఏడాది ఖాళీగా కూర్చోవాలన్న నిబంధనను 2021లో సడలించాక ఈ ప్రవాహం ఇంకా పెరిగింది. 2024-25 సీజన్‌లో ఆటకు సగటున 25.2 పాయింట్లతో దేశంలోనే టాప్ స్కోరర్‌గా నిలిచిన టనియా లాట్సన్ ఫ్లోరిడా స్టేట్‌ను వదిలి సౌత్ కరోలినాకు మారిపోయింది. అది ఆమె హక్కు, ఎవరూ కాదనలేరు. అయినా ఈ దారి ఆటకు మంచిది కాదు. చాలామంది అమ్మాయిలకు కూడా మంచిది కాదు.

ఇవాళ సౌత్ కరోలినా పేరు చెబితేనే ప్రత్యర్థులకు టెన్షన్. ఆ జట్టు మొదటి నుంచీ అలా లేదు. 2008లో డాన్ స్టేలీ కోచ్‌గా వచ్చాక తొలి సీజన్‌లో గెలిచినవి 10, ఓడినవి 18. 2014 నాటికి నిలదొక్కుకుంది కానీ ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నీ సెమీఫైనల్స్) మొహం చూడలేదు. ఆ సమయంలో ఏజా విల్సన్ అనే అమ్మాయి కోసం కనెక్టికట్ సహా పెద్ద జట్లన్నీ పోటీపడ్డాయి. కనెక్టికట్ అప్పుడు వరసగా టైటిళ్లు కొడుతోంది. విల్సన్ మాత్రం ఇంటికి దగ్గర్లోనే ఉన్న సౌత్ కరోలినాను ఎంచుకుంది. 2015లో ఆ యూనివర్సిటీ మొదటిసారి ఫైనల్ ఫోర్‌కు చేరింది. 2017లో మొదటి టైటిల్ గెలిచింది.

2021లో అక్కడి స్టేడియం ముందు విల్సన్ విగ్రహం పెట్టారు. ఆ రోజు ఆమె తన అమ్మమ్మ గురించి చెప్పింది. అమ్మమ్మ చిన్నతనంలో నల్లజాతివాళ్లు ఆ క్యాంపస్ గుండా నడవడానికి లేదు, చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. ఇప్పుడు అదే క్యాంపస్‌లో ఆ ఇంటి పిల్ల విగ్రహమై నిలబడింది. కనెక్టికట్‌కు వెళ్లి ఉంటే విల్సన్ మరో రెండు ఉంగరాలు (టైటిల్ గెలిచినవాళ్లకు ఇచ్చేవి) ఎక్కువే గెలిచేదేమో. ఈ విగ్రహానికి ఉన్న విలువ వాటికి వస్తుందా? రాదనే నా నమ్మకం.

ఇక కెయిట్లిన్ క్లార్క్. ఆమె చేరేనాటికి అయోవా యూనివర్సిటీ జట్టు చివరిసారి ఫైనల్ ఫోర్ ఆడింది 1993లో. పేరున్న నోటర్ డేమ్ యూనివర్సిటీకి వెళ్దామనుకున్న అమ్మాయి మనసు మార్చుకుని సొంత రాష్ట్రంలోనే ఉండిపోయింది. తర్వాత జరిగింది అందరికీ తెలుసు. 2023 అక్టోబరులో అయోవా వాళ్లు ఫుట్‌బాల్ స్టేడియంలో బాస్కెట్‌బాల్ కోర్టు వేస్తే, ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్ చూడటానికి 55,646 మంది వచ్చారు. 2024 ఫిబ్రవరి 15న మిషిగన్‌తో మ్యాచ్‌లో, మహిళల కాలేజీ ఆటలో అత్యధిక పాయింట్ల రికార్డుకు ఆమెకు కావాల్సింది 8 పాయింట్లు. మొదట బుట్ట దగ్గర నుంచి ఒక లేఅప్ (2 పాయింట్లు), తర్వాత దూరం నుంచి ఒక త్రీ (3 పాయింట్లు). ఆ వెంటనే ఎడమవైపు దూసుకొచ్చి, కోర్టు మీది లోగో దగ్గరే ఆగి బంతి వదిలింది. మ్యాచ్ మొదలై రెండున్నర నిమిషాలు కూడా కాలేదు. ఆ షాట్ అంత దూరం నుంచి కొట్టడానికి చేతిలో సత్తా ఒక్కటే ఉంటే చాలదు. కొట్టమని వదిలేసే కోచ్ కావాలి, తప్పినా మళ్లీ బంతి అందించే జట్టు కావాలి. స్టార్లతో నిండిపోయిన జట్టులో ఆ చనువు పద్దెనిమిదేళ్ల పిల్లకు దొరకడం కష్టం.

క్లార్క్ అయోవాలో చేరిన 2020లోనే పేజ్ బెకర్స్ కనెక్టికట్‌లో చేరింది. ఇద్దరూ ఒకే జెర్సీ వేసుకుని ఉంటే ఏమయ్యేది? కనెక్టికట్ ఇంకో రెండు టైటిళ్లు గెలిచేదేమో. కనెక్టికట్ మీద అయోవా 71-69తో గట్టెక్కిన 2024 సెమీఫైనల్ మాత్రం ఉండేది కాదు. కోటీ 40 లక్షల మందికి పైగా చూసిన మ్యాచ్ అది. రెండు రోజుల తర్వాత అయోవా, సౌత్ కరోలినా ఫైనల్‌ను దాదాపు కోటీ 89 లక్షల మంది చూశారు. అదే ఏడాది పురుషుల ఫైనల్‌కు వచ్చింది కోటీ 48 లక్షలే. ఆడపిల్లల ఆటను ఎవరు చూస్తారని దశాబ్దాల పాటు అడిగినవాళ్లకు ఆ రెండు మ్యాచ్‌లే జవాబు. ఇద్దరు స్టార్లు రెండు చోట్ల ఉండబట్టే అది సాధ్యమైంది.

లెక్క కూడా ఒకటుంది. మ్యాచ్ 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు. అంటే పంచడానికి ఉన్నవి మొత్తం 200 నిమిషాలు. స్టార్లు ఎంతమంది చేరినా అవి పెరగవు. హైస్కూల్‌లో మ్యాచ్ మొత్తం తన భుజాల మీద మోసిన అమ్మాయి ఇక్కడ పది నిమిషాల కోసం ఎదురుచూస్తూ బెంచీ మీద కూర్చోవాలి. పెద్ద చెట్టు కింద మొక్క ఎదగదని మనవాళ్లు ఊరికే అనలేదు.

ప్రాక్టీసులో రోజూ మేటి ప్లేయర్లను ఎదుర్కొంటేనే ఆట పదునెక్కుతుందని, టైటిళ్లు అక్కడే ఉన్నాయని అవతలివాళ్ల వాదన. బ్రియానా స్టూవర్ట్ కనెక్టికట్‌లో నాలుగేళ్లు ఉండి నాలుగూ గెలిచింది. బెకర్స్ కూడా 2025లో సౌత్ కరోలినాను 82-59తో చిత్తు చేసి టైటిల్ అందుకుంది. నిజమే. అయితే అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్లు కొత్త ప్లేయర్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఉంగరాలు లెక్కపెట్టరు. వాషింగ్టన్ నుంచి కెల్సీ ప్లమ్, ఆరెగాన్ నుంచి సబ్రీనా యొనెస్కూ, అయోవా నుంచి క్లార్క్, ముగ్గురూ కాలేజీ టైటిల్ లేకుండానే నంబర్ వన్‌గా ఎంపికయ్యారు. 2008లో కనెక్టికట్‌కు వెళ్లి రెండు రోజులకే ఇంటికి వచ్చేసిన ఎలెనా డెల్లే డాన్‌నే తీసుకోండి. చూపూ వినికిడీ లేని అక్కకు దగ్గరగా ఉండాలని ఆమె సొంత రాష్ట్రం డెలావేర్ తరఫున ఆడింది. ఆ చిన్న యూనివర్సిటీని 2013లో తొలిసారి చివరి 16 జట్లలో నిలిపింది. తర్వాత డబ్ల్యూఎన్‌బీఏలో రెండుసార్లు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ప్లేయర్) అయింది.

ఇది బాస్కెట్‌బాల్‌తో ఆగే విషయం కాదు. మన హైదరాబాద్‌లోనే చూశాం. 2014లో దేశ బ్యాడ్మింటన్ అంతా గోపీచంద్ అకాడమీ చుట్టూ తిరుగుతున్నప్పుడు సైనా నెహ్వాల్ దాన్ని వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరకు వెళ్లింది. చాలామంది పెదవి విరిచారు. 2015లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు, ప్రపంచ చాంపియన్‌షిప్ రజతం, అన్నీ ఆ ఏడాదే. 2017లో ఆమె తిరిగి గోపీచంద్ దగ్గరకే వచ్చింది, అది వేరే సంగతి. తన మీదే పూర్తిగా దృష్టి పెట్టే కోచ్ ఆమెకు సరైన సమయంలో దొరికాడు. పేరున్న చోట పిల్లను చేర్పిస్తే చాలు, మిగతాది అదే జరిగిపోతుందని మన తల్లిదండ్రులు అనుకున్నంత కాలం ఎంతోమంది ప్రతిభ మూలన పడుతూనే ఉంటుంది. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాల్లోనూ ఇదే ధోరణి.

లాస్ ఏంజిలెస్‌లోని వాట్స్‌లో పెరిగిన జుజు వాట్కిన్స్ సౌత్ కరోలినాను కాదని ఇంటి దగ్గరి యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ)లో చేరి, తొలి ఏడాదే 920 పాయింట్లు కొట్టింది. 2025 బ్యాచ్‌లో అందరి కళ్లూ పడ్డ టెక్సస్ అమ్మాయి అలియా చావెజ్ ఒక్కసారి కూడా టైటిల్ గెలవని ఒక్లహోమాను ఎంచుకుంది. 2002 ఫైనల్లో ఒక్లహోమాను ఓడించింది ఎవరనుకున్నారు? కనెక్టికట్టే. తర్వాతి బ్యాచ్ అమ్మాయిలకు నేను చెప్పేది ఒక్కటే. రిక్రూట్ చేయడానికి ఇంటికొచ్చిన కోచ్‌ను టైటిళ్ల సంఖ్య అడగొద్దు. ఐదు సెకన్లు మిగిలి, ఒక్క పాయింట్ వెనకబడి ఉన్నప్పుడు బంతి ఎవరి చేతికి ఇస్తారో అడగండి. మీ పేరు చెప్పడానికి ఆ కోచ్ తడబడితే, ఇంకో కోచ్‌ను ఇంటికి పిలవండి.